పన్ను పుచ్చేది డ్యూటీలోనే

పన్ను పుచ్చిందని తెలియగానే ఇంట్లో ముందు వినపడే మాట, "తీపి తగ్గించమంటే విన్నావా?" అని. అందులో నిజం లేకపోలేదు. కానీ సంక్రాంతికి ఒక్క పూటలో నాలుగు అరిసెలు తిని లేచినవాడి పళ్ళకంటే, స్వీటు ముట్టకుండా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకో గంటన్నరకో ఒక తీపి టీ తాగేవాడి పళ్ళకే ఎక్కువ ముప్పు. పంటికి తీపి ఎంత తగిలిందన్నది రెండో లెక్క. రోజుకు ఎన్నిసార్లు తగిలిందన్నది మొదటి లెక్క. ఉద్యోగం చేసేవాళ్ళకు పంటి గురించి ఒక్క సంగతే చెప్పే అవకాశం ఇస్తే నేను ఇదే చెబుతాను.

ఎందుకంటే డ్యూటీలో ఉన్నవాళ్ళు తినే వేళలు వాళ్ళ చేతిలో ఉండవు. బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయికి కాసేపు ఊపిరి పీల్చుకునే వీలు దొరికేది టీ వచ్చినప్పుడే. అపార్టుమెంటు గేటు దగ్గర రాత్రంతా కూర్చునే వాచ్‌మన్‌కు నిద్ర ఆపేది టీయే. లారీ డ్రైవరు కునుకు పట్టబోతుంటే బండి పక్కకు తీసి టీ కొట్టు ముందు ఆపుతాడు. కాల్ సెంటర్‌లో పనిచేసేవాళ్ళు మగ్గు నిండా కాఫీ పోసుకుని, హెడ్‌సెట్ తీయకుండానే రెండు గంటల సేపు గుక్కగుక్కగా తాగుతుంటారు. ఎండలో తిరిగే డెలివరీ కుర్రాడు అన్నం తినే టైము లేక కూల్‌డ్రింకు సీసా బండికి తగిలించుకుంటాడు. వీళ్ళెవరూ తీపి మీద యావ ఉన్నవాళ్ళు కాదు. పని చేయడానికి ఒంట్లో సత్తువ కావాలి, అది చౌకగా, తొందరగా దొరికేది పంచదారలోనే. అందుకే ఈ మనుషుల్ని తప్పుపట్టే సలహా ఎవరికీ పనికిరాదు. డ్యూటీ డ్యూటీగా సాగుతూ పళ్ళు నిలబడే దారి చూడాలి.

నోట్లో ఏం జరుగుతుందో ముందు తెలియాలి. పళ్ళ మీద మెత్తగా, జిగటగా పేరుకునే పాచి నిండా సూక్ష్మజీవులే. మనం తిన్న పంచదార, బెల్లం, తేనె, బిస్కెట్టులోని మైదా, ఏది అందినా అవి దాన్ని వాడుకుని ఆమ్లం వదులుతాయి. బెర్లిన్‌లో పనిచేసిన డబ్ల్యూ.డి. మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1890లోనే ఈ సంగతి వివరంగా రాశాడు. ఆ తర్వాత 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు పాచిలో ఆమ్లం ఎంత ఉందో నేరుగా కొలిచాడు. గ్లూకోజు నీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాలకే అక్కడ ఆమ్లం ఒక్కసారిగా పెరిగింది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట దాకా పట్టింది. దంతవైద్యం చదివే విద్యార్థులకు ఇప్పటికీ చూపించేది ఆ కొలతలతో గీసిన గీతనే.

ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. అది సుమారు 5.5 కంటే కిందికి దిగితే పంటి పైనున్న గట్టి పొర, అంటే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. అందులోని కాల్షియం, ఫాస్ఫేటు బయటికి పోతాయి. ఆ తర్వాత లాలాజలం వచ్చి ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత కొంతగా తిరిగి పంటిలోకి చేరుస్తుంది. కరగడం, పూడడం రోజంతా మార్చి మార్చి జరుగుతూనే ఉంటాయి. పూడేందుకు సమయం చిక్కితే పన్ను నిలుస్తుంది. చిక్కకపోతే ముందు సుద్దముక్క రంగులో ఒక తెల్లటి మచ్చ పడుతుంది, తర్వాత గుంట పడుతుంది. తెల్లమచ్చగా ఉన్నంతవరకు పన్ను మళ్ళీ కోలుకోగలదు. గుంట పడ్డాక మాత్రం కోలుకోలేదు. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు కాబట్టి తెగిన చర్మం పూడినట్టు అది తనంతట పూడదు.

"ఎంత" కాదు, "ఎన్నిసార్లు" అన్న మాటకు గట్టి ఆధారం స్వీడన్ నుంచి వచ్చింది. లుండ్ పట్టణం దగ్గర వీపెహోల్మ్ అనే మానసిక వికలాంగుల ఆశ్రమం ఉండేది. 1945 నుంచి కొన్నేళ్ళపాటు అక్కడివాళ్ళకు రకరకాలుగా తీపి పెట్టి పళ్ళను గమనించారు. భోజనంతో పాటు పంచదార తిన్నవాళ్ళలో పుచ్చు పెద్దగా పెరగలేదు. భోజనానికి భోజనానికి మధ్య పళ్ళకు అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళలో విపరీతంగా పెరిగింది. ఏం జరుగుతోందో అర్థం చేసుకుని ఒప్పుకోలేని మనుషుల మీద చేసిన ప్రయోగం అది. వాళ్ళ పళ్ళు పాడైపోతున్నా కొనసాగించడం అన్యాయమని ప్రపంచం తర్వాత గట్టిగానే తప్పుపట్టింది. ఆ అభాగ్యుల నొప్పి మీద నిలబడిన జ్ఞానం ఇది. దాన్ని వాడుకోకుండా వదిలేయడం వాళ్ళకు ఇంకొక అన్యాయం.

ఇప్పుడు మీ డ్యూటీని ఈ లెక్కలో పెట్టి చూడండి. చిన్న గ్లాసు తీపి టీ ఐదు నిమిషాల్లో తాగేశారనుకుందాం. పంటి మీద ఆమ్లం ఉండేది తక్కువలో తక్కువ ఓ అరగంట. రోజుకు మూడు టీలైతే గంటన్నర. ఎనిమిది టీలు, వాటిలో కొన్నింటికి తోడు బిస్కెట్లు అయితే నాలుగు గంటలు దాటిపోతుంది. అదే ఒక మగ్గు కాఫీని రెండు గంటలు చప్పరిస్తే, తాగిన పంచదార రెండు చెంచాలే అయినా ఆ రెండు గంటలూ, ఆపైన ఇంకో అరగంటా పన్ను కరుగుతూనే ఉంటుంది. గొంతు ఆరకుండా బుగ్గన చాక్లెట్ పెట్టుకునేవాళ్ళదీ, గంటల తరబడి తీపి కిళ్ళీ దవడన పెట్టుకునేవాళ్ళదీ ఇంతకంటే కష్టమైన పరిస్థితి. తీపి అక్కడే, అదే పంటి పక్కనే కదలకుండా ఉంటుంది.

కాబట్టి మొదటి మార్పు టీ మానేయడం కాదు, టీలను కొన్ని వేళలకే చేర్చడం. తీపి టీ తాగాలనుంటే టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం భోజనం అవగానే ఒకటి, సాయంత్రం ఒకటి. తాగేటప్పుడు కూర్చుని తాగేయండి, బల్ల మీద పెట్టుకుని సాగదీయకండి. మధ్యలో మిగతావన్నీ పంచదార లేకుండా. తీపి లేని టీ వల్ల, బ్లాక్ కాఫీ వల్ల పళ్ళు పసుపెక్కుతాయేమో గానీ పుచ్చవు. ఒకేసారి మానలేకపోతే పావు చెంచా చొప్పున వారం వారం తగ్గించుకుంటూ వస్తే నాలుక అలవాటు పడుతుంది. షుగరు రోగులు వేసుకునే తీపి బిళ్ళల్ని ఆ సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చలేవు కాబట్టి పంటి వరకు వాటితో ఇబ్బంది లేదు. పంచదారకు బదులు బెల్లం వేస్తే మాత్రం పంటికి ఒరిగేదేమీ లేదు. బెల్లం టీ స్టాళ్ళ బోర్డుల మీద ఎంత ఆరోగ్యం రాసినా పాచిలోని సూక్ష్మజీవికి రెండూ ఒకటే.

టీ తాగాక రెండు గుక్కల మంచినీళ్ళు నోట్లో పోసి గట్టిగా పుక్కిలించండి. పైసా ఖర్చు లేదు, ఎక్కడైనా చేయొచ్చు. టీకి తోడు బిస్కెట్టు బదులు వేయించిన వేరుశనగలో, పుట్నాలో, ఉడకబెట్టిన శనగలో తినండి. బిస్కెట్టు పిండి తీపితో కలిసి దవడ పళ్ళ గాడుల్లో ముద్దగా అతుక్కుని చాలాసేపు ఉంటుంది. పల్లీపట్టీని ఆరోగ్యమని తింటారు గానీ పాకం జిగట వల్ల పంటి విషయంలో అది టాఫీ కిందే లెక్క, తినదల్చుకుంటే భోజనం అవగానే తినండి. ఎండలో తిరిగేవాళ్ళకు కూల్‌డ్రింకు, ఎనర్జీ డ్రింకు రెండు రకాలుగా చేటు. వాటిలో తీపీ ఉంది, వాటికవే ఆమ్లం కూడా. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, మామూలు నీళ్ళు వాటికంటే ఎంతో మేలు. తిన్నాక చక్కెర లేని చూయింగ్ గమ్ పది నిమిషాలు నమిలితే లాలాజలం ఊరుతుంది. బస్సు కండక్టర్లు, డ్రైవర్లు, నీళ్ళు చేతికి అందని చోట పనిచేసేవాళ్ళు దీన్ని వాడుకోవచ్చు.

ఇక తోముకోవడం. పొద్దున లేవగానే పళ్ళు తోమనిదే కాఫీ ముట్టని ఇళ్ళు మనవి. రాత్రి తోముకునే అలవాటు మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్ళలో లేదు. పంటికి అసలు అవసరం ఆ రెండోదే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్ళ మీద మిగిలిన తిండి నుంచి పుట్టే ఆమ్లాన్ని విరిచే దిక్కు ఉండదు. నైట్ షిఫ్ట్ వాళ్ళు ఇక్కడ ఒక మాట పట్టించుకోవాలి. రాత్రి తోముకోమంటే గడియారంలో రాత్రి అని కాదు, మీరు పడుకునే ముందు అని. తెల్లవారి ఆరింటికి డ్యూటీ దిగి, ఇంటికొచ్చి ఇడ్లీ తిని, తీపి కాఫీ తాగి ఎనిమిదింటికి పడుకుంటే మీ రాత్రి అదే. కాఫీ తర్వాత తోముకుని పడుకోండి. తోమాక నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. చాలామంది షిఫ్టు కార్మికులు డ్యూటీకి వెళ్ళేముందు సాయంత్రం శుభ్రంగా తోముకుంటారు, దిగి వచ్చాక ఒళ్ళు తెలియని అలసటతో అలాగే పడిపోతారు. మంచం పక్కనే బ్రష్షు పెట్టుకోవాల్సి వచ్చినా సరే, ఈ ఒక్క పూట వదలొద్దు.

రెండు నిమిషాల పాటు, మెత్తటి బ్రష్షుతో, చిగురూ పన్నూ కలిసే చోట నెమ్మదిగా తోమాలి. గట్టిగా రుద్దితే పాచి ఎక్కువ పోదు, చిగుళ్ళు దిగజారి పంటి మొదలు అరుగుతుంది. ఇటుక పొడి, బొగ్గు, గరుకుగా ఉండే పళ్ళపొడులు చేసేదీ అదే. వేపపుల్లతో పాచి కొంత పోతుంది కానీ పుచ్చును ఆపడంలో అన్నిటికంటే బాగా రుజువైన ఫ్లోరైడు అందులో ఉండదు. పుల్లతో తోముకోవడం ఇష్టమైతే తోముకోండి, దాని తర్వాత ఫ్లోరైడు పేస్టు కూడా వాడండి. పేస్టు డబ్బా మీద ఫ్లోరైడు ఉందని రాసి ఉండాలి, సుమారు 1000 పీపీఎం ఉండేది పెద్దలకు పనిచేస్తుంది. తోమడం అయ్యాక నురగ ఉమ్మేసి ఊరుకోండి. చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడు అంతా సింకులోకి పోతుంది. కూల్‌డ్రింకో నిమ్మరసమో తాగిన వెంటనే మాత్రం తోమొద్దు. ఆమ్లానికి పైపొర మెత్తబడి ఉంటుంది, అరగంట ఆగండి.

ఫ్లోరైడు అనగానే నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళు ఉలిక్కిపడతారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మన దేశంలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో రాసింది నెల్లూరు ప్రాంతం గురించే. నల్లగొండలోని మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ళు తాగి వంగిపోయిన మనుషుల్ని తెలుగువాళ్ళు మరచిపోలేరు, మరచిపోకూడదు కూడా. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 వరకు పరిమితి అని మన దేశ ప్రమాణం చెబుతోంది. ఏళ్ళ తరబడి అంతకు మించి కడుపులోకి వెళ్ళడం వల్ల వచ్చిన కీడు అది. పేస్టును మనం మింగం, పంటికి రాసి ఉమ్మేస్తాం. పళ్ళ మీద గోధుమరంగు చారలు పడేది పళ్ళు దవడలో తయారవుతున్న చిన్నతనంలో. పెద్దయ్యాక పేస్టు వాడితే ఆ చారలు కొత్తగా రావు. పిల్లలకు మాత్రం జాగ్రత్త అవసరం. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత, పెద్దవాళ్ళు పక్కన నిలబడి ఉమ్మించాలి.

నొప్పి లేదు కదా అని ఊరుకోవడం ఉద్యోగస్తులు చేసే అతి ఖరీదైన పని. ఎనామిల్‌లో నరాలు లేవు, అక్కడ ఎంత కరిగినా మనకు తెలియదు. చెదలు పట్టిన గుమ్మం పైకి రంగుతో నిగనిగలాడుతూనే లోపల డొల్లవుతుంది, పుచ్చూ అంతే. పైన సూదిమొనంత నల్లచుక్క, కింద మెత్తటి పొరలో పెద్ద గుల్ల. చల్లటి నీళ్ళు తగిలి జివ్వుమంటే లోపలి పొరకు చేరిందని అనుమానించాలి. రాత్రి పడుకున్నాక దానంతటదే పోటు మొదలైతే చాలావరకు నరం దాకా వెళ్ళిందనే అర్థం. జివ్వుమనే దశలో వెళితే గంటలోపు సిమెంట్ పెట్టించుకుని డ్యూటీకి పోవచ్చు. పోటు దశలో వెళితే రూట్ కెనాల్, రెండు మూడు సార్లు తిరగడం, పైన క్యాప్, అన్ని సెలవులు. ఇంకా ఆగితే పీకించుకోవడం, ఆ ఖాళీలో కట్టుడు పన్ను, దానికి ఇంకా ఖర్చు. ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్ని బట్టి ఒకే పంటికి ఒక పూట జీతమూ పోవచ్చు, నెల జీతమూ పోవచ్చు.

పోటు వచ్చిన రాత్రి జనం చేసే పనుల్లో కొన్ని నిజంగా హాని చేస్తాయి. నొప్పి మాత్ర నలిపి చిగురు మీద పెడితే చిగురు కాలిపోతుంది. పొగాకు ముద్ద పెట్టుకుని తిమ్మిరెక్కించుకున్నవాళ్ళు ఆ తర్వాత పొగాకు వదల్లేక నోటి క్యాన్సరు దారిన పడతారు. లవంగనూనె దూదితో ఒక చుక్క అద్దితే కాసేపు ఊరట వస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ పుచ్చును నయం చేయదు, వాపు తాత్కాలికంగా తగ్గి నయమైందన్న భ్రమ పెడుతుంది. రోడ్డు పక్కన కూర్చుని పంట్లోంచి పురుగు తీసి చూపించేవాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళకండి. పంట్లో పురుగు ఉండదు, అది వాళ్ళ చేతిలోదే. దవడ ఉబ్బి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, గడ్డం కింద వాపు గట్టిపడినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ వాపు ఊపిరి దారికి అడ్డం పడవచ్చు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

కొన్ని పనుల్లో పళ్ళకు వేరే ముప్పులూ ఉన్నాయి. బేకరీల్లో, మిఠాయి తయారీలో పనిచేసేవాళ్ళ నోట్లోకి పంచదార పొడి, పిండి గాలితో పాటే వెళ్ళి ముందు పళ్ళ మొదళ్ళ దగ్గర పేరుకుంటాయి. స్వీటు తినకుండానే పళ్ళు పుచ్చుతాయి వాళ్ళకు. మాస్కు వేసుకోవడం, గంటకోసారి నోరు కడుక్కోవడం వాళ్ళకు పనిలో భాగం కావాలి. బ్యాటరీల తయారీలో, లోహాలకు పూత వేసే చోట ఆమ్లపు ఆవిరి ముందు పళ్ళను నేరుగా అరగదీస్తుంది. బీపీకి, అలర్జీకి, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోతుంది. నోరు ఎండితే లాలాజలం కాపలా పోయినట్టే. మందు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుతో చెప్పండి, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. షుగరు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు కూడా తోడవుతుంది కాబట్టి వాళ్ళు ఆరు నెలలకోసారి చూపించుకోవడం మంచిది.

సూపర్‌వైజర్లకు, యజమానులకు కూడా ఒక మాట. ఆఫీసు టీ మిషన్‌లో పోసే పొడిలో చాలాచోట్ల పంచదార ముందే కలిసి ఉంటుంది, తీపి వద్దన్నవాడికి కూడా వేరే దారి ఉండదు. చక్కెర లేని పొడి తెప్పించి పంచదార పక్కన విడిగా పెట్టించండి. టీ ఇచ్చే చోటే మంచినీళ్ళూ, ఉమ్మడానికి ఒక తొట్టీ ఉండేలా చూడండి. భవన నిర్మాణం సైట్లలో కూలీలకు టీ వస్తుంది గానీ నీళ్ళు మాత్రం రెండంతస్తులు దిగి వెళ్ళి తెచ్చుకోవాలి. అలాంటి చోట పుక్కిలించమని చెప్పడానికి మనకు నోరెలా వస్తుంది? పోటుతో రాత్రంతా మేలుకున్న మనిషిని మర్నాడు మిషన్ ముందు నిలబెట్టడం ప్రమాదం కూడా. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తానంటే రెండు గంటలు పంపించండి.

ఇక డబ్బు, సెలవు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఉద్యోగుల బీమా అయిన ఈఎస్ఐ కట్ అవుతుంటే ఆ డబ్బు మీదే, మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం వెళుతోంది. జ్వరానికి, ప్రసవానికి వాడుకుని పంటికి మాత్రం ప్రైవేటు క్లినిక్‌కు పరుగెత్తేవాళ్ళు చాలామంది. ముందు మీ డిస్పెన్సరీలో అడిగి, దంత విభాగం ఉన్న ఈఎస్ఐ ఆసుపత్రికి రాయించుకోండి. ఇంట్లోవాళ్ళకూ ఈ హక్కు ఉంది. కంపెనీ ఇచ్చే గ్రూపు ఇన్సూరెన్సులో పంటి వైద్యం చాలావరకు రాదు, దెబ్బ తగిలి పన్ను విరిగితే తప్ప. పత్రం చదివి తెలుసుకోండి, కార్డు ఉంది కదా అన్న ధైర్యంతో ఉండకండి. ఈఎస్ఐ లేనివాళ్ళకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మిగతా ఊళ్ళలో ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా బయటి క్లినిక్కుల కంటే తక్కువకే చేస్తారు. విద్యార్థులు చేస్తారని భయపడనక్కర్లేదు, పక్కన అధ్యాపకులు ఉండి చూస్తారు. కాకపోతే ఎక్కువసేపు పడుతుంది. వీక్లీ ఆఫ్ ఆదివారం కాకుండా పనిదినంలో వచ్చేలా మార్పించుకుని, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి. వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి. బీపీ, షుగరు, గుండెజబ్బు, గర్భం ఉంటే కుర్చీలో కూర్చోకముందే చెప్పండి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తే అది దిగేదాకా రెండు మూడు గంటలు వేడి టీ తాగొద్దు, ఏదీ నమలొద్దు, తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు. నొప్పి ఉన్న పన్ను ఒక్కటే చూపించి లేచి రాకుండా, మిగతా పళ్ళలో ఎక్కడెక్కడ తెల్లమచ్చలు, నల్లచుక్కలు ఉన్నాయో చూసి కాగితం మీద రాసిమ్మని అడగండి. తర్వాతి సెలవు ఏ పంటికి పెట్టుకోవాలో ఆ కాగితం చెబుతుంది.